పాత కేథలిక్ మెడల్‌ను విదేశాలకు తీసుకెళ్లాలంటే: నాన్ యాంటిక్విటీ సర్టిఫికెట్ దరఖాస్తు విధానం

అమ్మమ్మ జపమాలకు వేలాడిన వెండి మెడల్‌ను అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవరాలికి పంపాలనుకుంటారు. చిన్న వస్తువే కదా అని బ్యాగులో వేసుకుంటే చిక్కే. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్లు నిండిన, గతకాలపు మతాన్ని, కళను, ఆచారాలను తెలిపే ఏ వస్తువైనా పురావస్తువే. అది ఫ్రాన్స్‌లో తయారైందా, గుంటూరులోనా అన్న తేడా ఉండదు. పురావస్తువును దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. ఉల్లంఘిస్తే 25వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. అందుకే ‘ఇది పురావస్తువు కాదు’ అనే సర్టిఫికెట్‌ను భారత పురావస్తు సర్వేక్షణ శాఖ (ఏఎస్ఐ) నుంచి ముందే తీసుకోవాలి.

ఈ శాఖ ధర కట్టదు. వయసు మాత్రమే తేలుస్తుంది. కాబట్టి మెడల్ వందేళ్ల లోపుదని చూపే ఆధారమే మీ దరఖాస్తుకు ప్రాణం.

ఎక్కువమంది పొరపడేది మెడల్ మీద కనిపించే సంవత్సరం దగ్గరే. మరియమాత చేతుల నుంచి కిరణాలు జాలువారే అద్భుత మెడల్ మీద 1830 అని ఉంటుంది. అది పారిస్‌లో కేథరిన్ లబూరే అనే కన్యాస్త్రీకి మరియమాత దర్శనం కలిగిన ఏడాది. తొలి మెడళ్లు 1832లో వచ్చాయి, నిన్న అచ్చుకొట్టిన దాని మీదా 1830 ఉంటుంది. పునీత బెనెడిక్ట్ జూబిలీ మెడల్ మీది రోమన్ అంకెల 1880 కూడా ఆ నమూనా పుట్టిన సంవత్సరమే. ఈ అంకెలు చూసి ఫారంలో ‘1830 నాటిది’ అని రాసేశారంటే, మీ మెడల్‌ను మీరే పురావస్తువుగా ప్రకటించుకున్నట్టు.

పనికొచ్చేవి వేరే గుర్తులు. లూర్దుమాత బొమ్మ ఉంటే మెడల్ 1858 తర్వాతిదే, కానీ ఆ ఒక్కటీ చాలదు. ఫాతిమామాత అయితే 1917 తర్వాతిది, అదీ ఒక్కటే చాలదు. చిన్న తెరేసమ్మ పేరు ముందు ‘పునీత’ అని ఉంటే, ఆమెను పునీతగా ప్రకటించిన 1925 తర్వాతిది. 1925 పవిత్ర సంవత్సరపు (జూబిలీ) మెడళ్లకే ఇప్పుడు వందేళ్లు నిండాయి, కాబట్టి సరిగ్గా వందేళ్ల గీత మీద పడే వాటితో జాగ్రత్త. కేథరిన్ లబూరేను పునీతగా పేర్కొంటే 1947 తర్వాతిది. పన్నెండో భక్తినాథ (పయస్) పోపు (1939–58) బొమ్మ, 1950 పవిత్ర సంవత్సరపు ముద్ర కూడా గట్టి సాక్ష్యాలు. పారిస్ వెండి మీది అడవిపంది తల ముద్ర 1838 నుంచి 1962 దాకా వాడారు, అంటే గీతకు రెండు వైపులా పడుతుంది. దాన్ని నమ్ముకోవద్దు. వేలాడదీసే కొక్కెం ముఖానికి అడ్డంగా, పక్కకు తిరిగి ఉంటే 17, 18 శతాబ్దాల పనితనం కావచ్చు. దానికి సర్టిఫికెట్ వస్తుందని ఆశపెట్టుకోకండి.

లోహం తేల్చడానికి ఆసిడ్ పెట్టించవద్దు, చింతపండుతో తోమవద్దు. అక్షరాలు అరిగితే ఆధారమూ, విలువా రెండూ పోతాయి. 0.01 గ్రాము చూపే త్రాసులో ముందు మెడల్ తూచండి. తర్వాత త్రాసు మీద గ్లాసు నీళ్లు పెట్టి అంకెను సున్నా చేయండి. మెడల్‌ను దారంతో వేలాడదీసి, అడుగుకూ అంచుకూ తగలకుండా ముంచండి. మొదటి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 4.20 గ్రాముల మెడల్‌కు 0.40 చూపితే 10.5, అంటే వెండి. 0.49 చూపితే 8.5 దగ్గర, ఇత్తడి. 2.7 వస్తే అల్యూమినియం. గాలిబుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది, వేలితో తుడిచి మళ్లీ ముంచండి. బంగారమని అనుమానం ఉంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రంలో చూపించవచ్చు. నాలుగు వస్తువుల వరకు రుసుము 200 రూపాయలు.

ఇక దరఖాస్తు. ఏఎస్ఐ హైదరాబాద్ లేదా అమరావతి సర్కిల్ కార్యాలయంలో ఫారం, రుసుము, ఫొటోల సంఖ్య, నిపుణుల కమిటీ చూసే తేదీ ముందుగా కనుక్కోండి. రెండు ముఖాలు, అంచు, కొక్కెం విడివిడిగా, స్కేలు పక్కన పెట్టి, పక్కనుంచి పడే వెలుతురులో ఫొటోలు తీయండి. ఫ్లాష్ వేస్తే అక్షరాలు వెలిసిపోతాయి. ఫారంలో కొలత మిల్లీమీటర్లలో, బరువు, లోహం, మీద ఉన్న రాత ఉన్నదున్నట్టు రాయాలి. చదవలేని అక్షరం దగ్గర చుక్క పెట్టండి, ఊహించి పూరించకండి. ఎవరి నుంచి వచ్చిందో చెప్పే ఉత్తరమో, కొన్న బిల్లో, మెడలో అదే మెడల్ కనిపించే పాత ఫొటోనో ఉంటే జతచేయండి. జ్ఞానస్నాన రిజిస్టర్ నకలు మనిషి వయసు చెబుతుందే తప్ప మెడల్ వయసు చెప్పదు.

అసలు వస్తువును వెంట తీసుకెళ్లాలి, ఫొటో చూసి తేల్చరు. ప్రయాణానికి వారం ముందు మొదలుపెడితే ఇబ్బందే, కమిటీ కూర్చునే రోజును బట్టి పని నడుస్తుంది. అది పురావస్తువా కాదా అన్న ప్రశ్న తలెత్తితే 24వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్ జనరల్, లేదా ఆయన అధికారమిచ్చిన డైరెక్టర్ హోదాకు తగ్గని అధికారి నిర్ణయమే తుది మాట. సర్టిఫికెట్ వస్తే అసలు ప్రతిని, దానిలోని ఫొటోతో సరిపోయే మెడల్‌ను చేతిసంచిలో కలిపి పెట్టుకుని కస్టమ్స్‌కు చూపండి. రాకపోతే మెడల్ ఇక్కడే కుటుంబంలో ఎవరి దగ్గరైనా ఉండాలి.