దూరపు సైక్లింగు, ఏడో పాఠం: దిగాక ఏం తాగాలి

గత పాఠంలో తొక్కుతున్నంతసేపు గంటకు ఎంత నీరు, ఎంత ఉప్పు అన్నది చూశాం. ఈసారి సైకిలు దిగాక తాగాల్సినవి. ఉదాహరణకు పొద్దున్నే హన్మకొండలో బయలుదేరి ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడి దాకా వెళ్లి, ఎండ ముదిరాక ఇల్లు చేరారనుకుందాం. రానూపోనూ 130 కిలోమీటర్ల పైమాటే.

ఏ సీసా కొనాలి అని ఆలోచించేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మళ్లీ సైకిలెక్కేది ఎప్పుడు? వచ్చే ఆదివారమైతే తొందరేమీ లేదు. దాహానికి నీళ్లు, ఆకలికి ఇంటి భోజనం, ఒకటి రెండు రోజుల్లో ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. రేపు తెల్లవారుజామునే ఎక్కాలన్నా, 40 గంటల్లో ముగించాల్సిన 600 కిలోమీటర్ల బీఆర్‌ఎం (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు సవారీ) మధ్యలో కాసేపు ఆగి మళ్లీ కదలాలన్నా లెక్క వేరు. అప్పుడు మొదటి మూడు నాలుగు గంటల్లో తాగేదీ తినేదీ కొలత ప్రకారం ఉండాలి. రికవరీ డ్రింకు పేరుతో వచ్చే ఖరీదైన పొడులు ఈ రెండో సందర్భానికే కొంత అక్కరకొస్తాయి. అక్కడ కూడా మన వంటింట్లో వాటికి దీటైనవి ఉన్నాయి.

ముందు నీటి సంగతి. బయలుదేరేముందు మూత్రానికి వెళ్లొచ్చి, పలుచని బట్టల్లో తూకం చూసుకోండి. తిరిగొచ్చాక చెమట తుడుచుకుని అలాగే మళ్లీ చూడండి. 68 కిలోల మనిషి 66.5కు దిగాడనుకుందాం. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా తాగాలన్నది క్రీడావైద్యంలో వాడే కొలత, ఎందుకంటే తాగినదంతా ఒంట్లో నిలవదు. అంటే ఇతనికి రెండు లీటర్లకు అటూఇటూగా. గటగటా ఒక్కసారే కాదు, మూడు నాలుగు గంటల్లో కొద్దికొద్దిగా. తగ్గిన బరువులో కరిగిపోయిన పిండిపదార్థం, కొవ్వు కూడా కొంత ఉంటాయి కాబట్టి ఆ రాత్రికే పాత తూకం రావాలని పట్టుబట్టకండి.

తూకం తగ్గకపోగా పెరిగిందంటే దారిపొడుగునా నీళ్లు అతిగా తాగారన్నమాట. దానికి తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, వేళ్లు ఉబ్బడం, మాట తడబడటం తోడైతే రక్తంలో సోడియం పడిపోయి ఉండొచ్చు. అలాంటి మనిషికి ఇంకా నీళ్లు పట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఉప్పు. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. కొందరికి అందులో సగమే, కొందరికి ఒకటిన్నర గ్రాము దాకా. ఆరిన జెర్సీ మీద తెల్లటి చారలు దట్టంగా కట్టేవాళ్లు తమకు ఎక్కువే పోతుందనుకోవచ్చు. ఉత్త నీళ్లతోనే లోటు పూడ్చబోతే రక్తం పలచబడి, కిడ్నీలు ఆ నీటిని బయటికి పంపేస్తాయి. దాహం తీరినట్టే ఉంటుంది గానీ ఒంటికి నీరు అందదు. సోడియం ఉంటేనే నీరు నిలుస్తుంది. పైగా పేగుల్లో సోడియం, గ్లూకోజు జతగా లోపలికి పోతూ నీటిని తమ వెంట తీసుకుపోతాయి.

ఓఆర్‌ఎస్ పనిచేసేది ఈ కిటుకు మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్లు ఇవి: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. ప్యాకెట్టు వెనక ఈ అంకెలు చూశాకే కొనండి. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న తీపి పానీయాలను ఏళ్ల తరబడి మెడికల్ షాపుల్లో అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టు వదలకుండా పోరాడాక, ఆ పాళ్లు లేనివి ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పిల్లలకే కాదు, ఎండలో తొక్కే మనలాంటివాళ్లకూ ఆమె చేసిన మేలు పెద్దది. ఒక్క జాగ్రత్త: లీటరు ప్యాకెట్టును గ్లాసెడు నీళ్లలో కలపొద్దు. ఇంకో సంగతి, ఓఆర్‌ఎస్‌లో తీపి తక్కువ. నీరు, ఉప్పు నిలబెడుతుందే తప్ప కండరాల్లో ఖర్చయిన పిండిపదార్థాన్ని నింపదు. దాంతోపాటు తినాల్సిందే.

గ్లూకోజు పొడి దీనికి తలకిందులు. అంతా చక్కెరే, ఉప్పు నామమాత్రం. చెరుకు రసమూ అంతే, పైగా అందులో వేసే ఐసు ఏ నీళ్లదో తెలియదు. కొబ్బరి బోండం మంచిదే, కానీ అందులో పుష్కలంగా ఉండేది పొటాషియం, చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. బోండం తాగితే పక్కన ఉప్పు పల్లీలు పెట్టుకోండి.

నన్నడిగితే ఇల్లు చేరగానే మొదట తాగాల్సింది సల్ల. అర లీటరు పలుచటి సల్లలో పావు చెంచా ఉప్పు, కాస్త నిమ్మరసం. ఆ పావు చెంచా ఉప్పుతోనే అర గ్రాము పైగా సోడియం వస్తుంది. స్నానం చేసొచ్చి అన్నంలోకి పచ్చిపులుసు, పప్పు, మామిడికాయ తొక్కు. ఎండాకాలం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఈ భోజనంలో నీరు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఉన్నాయి. వారానికోసారి తొక్కేవాళ్లకు ఇంతకు మించి ఏ సీసా అక్కర్లేదు.

మర్నాడే మళ్లీ ఎక్కాల్సినవాళ్లు పాలను నమ్ముకోండి. అర లీటరు టోన్డ్ పాలలో 15 గ్రాముల పైగా ప్రొటీను, కొంత సోడియం ఉంటాయి. 2016లో బ్రిటన్ పరిశోధకులు 13 పానీయాలను పోల్చి చూస్తే, మంచినీళ్ల కంటే పాలు, ఓఆర్‌ఎస్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచాయి. వాళ్లు విశ్రాంతిగా ఉన్న మనుషుల మీద చూశారు, అయినా దిశ మనకు పనికొచ్చేదే. ముల్కనూర్ మహిళా డెయిరీదో, విజయదో, మీకు దొరికే టోన్డ్ ప్యాకెట్టు చాలు. చిక్కటి బర్రె పాలలో కొవ్వు ఎక్కువ, అలసిన కడుపుకు బరువు. పాలు పడనివాళ్లకు పెరుగు, సల్ల నయం.

ఇక కండరాలు నిండాలంటే మొదటి నాలుగు గంటలూ గంటకు, కిలో బరువుకు ఒక గ్రాము పిండిపదార్థం కావాలి. 60 కిలోల మనిషికి గంటకు 60 గ్రాములు. పాలల్లో బెల్లం వేసుకుని రెండు అరటిపండ్లు తింటే ఒక గంట లెక్క తీరినట్టే. తైదల (రాగి) పిండిలో 100 గ్రాములకు 70 గ్రాముల దాకా పిండిపదార్థమే, కానీ పలుచటి అంబలిలో చాలావరకు నీళ్లే ఉంటాయి. దాన్ని నీటి ఖాతాలో రాసుకుని, పొట్ట నింపడానికి అన్నమో మక్క గట్కనో తినండి.

తిరుగుదారిలో చెట్ల కింద ఈత కల్లు కనబడుతుంది. పులిసిన కల్లులో ఆల్కహాలు మూత్రాన్ని పెంచుతుంది, కండరాల మరమ్మతును నెమ్మదింపజేస్తుంది. తూకం కుదుటపడేదాకా ముట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. చాయ్‌కి మాత్రం భయపడక్కర్లేదు, ఒకటి రెండు కప్పులు ఒంట్లో నీటిని తగ్గించవు.

బీపీ, కిడ్నీ, షుగరు ఉన్నవాళ్లు ఈ ఉప్పు, చక్కెర లెక్కలను తమ డాక్టరుకు చూపించాకే పాటించాలి.

అభ్యాసం: ఒకే దారిని రెండు ఆదివారాలు తొక్కండి. మొదటివారం దిగాక ఉత్త నీళ్లు, రెండోవారం అంతే కొలత ఉప్పు సల్ల. భోజనం రెండుసార్లూ ఒకటే. నాలుగు గంటల తర్వాత తూకం, మర్నాడు పొద్దున మూత్రం రంగు, మెట్లెక్కేటప్పుడు తొడల బరువు, మూడూ పుస్తకంలో రాసుకోండి. ఎనిమిదో పాఠంలో ఆ పేజీ ముందుపెట్టుకుని, బీఆర్‌ఎం రాత్రికి మీ సొంత కొలతలు తయారు చేసుకుందాం.