పాత ఫోన్‌లోని డేటా మొత్తాన్ని కొత్త ఫోన్‌లోకి ఎలా మార్చుకోవాలి?

‘బ్యాకప్ పూర్తయింది’ అని ఫోన్ చూపించగానే అన్నీ భద్రంగా ఉన్నాయనుకుంటాం. నిజానికి ఆండ్రాయిడ్ క్లౌడ్ బ్యాకప్‌లో (ఇంటర్నెట్‌లో మీ గూగుల్ అకౌంట్‌లో దాచే కాపీలో) ఒక్కో యాప్ డేటాకి 25 ఎంబీ వరకే చోటు. అసలు బ్యాకప్‌లోకే రాని యాప్‌లూ ఉన్నాయి. అందుకే పాత ఫోన్ ఇంకా పనిచేస్తుంటే క్లౌడ్ మీద ఆధారపడకుండా, రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి నేరుగా మార్చుకోవడమే మేలు. నేరుగా కాపీ చేసేటప్పుడు ఆ 25 ఎంబీ పరిమితి ఉండదు. క్లౌడ్ బ్యాకప్ కూడా తీసి ఉంచండి, కాకపోతే అది ఫోన్ పోయినప్పుడో పగిలినప్పుడో ఆదుకోవడానికి.

ముందు పాత ఫోన్‌లో చేయాల్సినవి

సిస్టమ్ అప్‌డేట్ ఏదైనా పెండింగ్‌లో ఉంటే రెండు ఫోన్లలోనూ పూర్తి చేయండి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను పాత వెర్షన్ ఉన్న ఫోన్ తీసుకోదు. తర్వాత సెట్టింగ్స్‌లో బ్యాకప్ తెరిచి ‘బ్యాకప్ నౌ’ నొక్కండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్నీ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తుంది. ఐఫోన్ బ్యాకప్ దాచే ఆపిల్ ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే. అయితే ఐఫోన్‌లో జనరల్ కింద ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్’లోకి వెళ్లి కొత్త ఐఫోన్‌కి సిద్ధం చేసే ఆప్షన్ ఎంచుకుంటే, మారే పని కోసం తాత్కాలికంగా అదనపు స్టోరేజ్ ఇస్తారు. ఇది చాలామందికి తెలియదు.

ఐఫోన్ బ్యాకప్‌ను కంప్యూటర్‌లో తీసేవాళ్లు ‘ఎన్‌క్రిప్ట్’ (బ్యాకప్‌కి పాస్‌వర్డ్‌తో తాళం వేయడం) టిక్ పెట్టడం మర్చిపోవద్దు. అది లేకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా బ్యాకప్‌లోకి రావు.

కొత్త ఫోన్ ఆన్ చేశాక

తొందరపడకండి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. యాప్‌లు, డేటా కాపీ చేయాలా అని సెటప్‌లో ఒక స్క్రీన్ అడుగుతుంది. ‘తర్వాత చూద్దాంలే’ అని స్కిప్ కొడితే, ఐఫోన్‌లోనైతే మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయాల్సి రావచ్చు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారేవాళ్లు పాత ఫోన్‌లో ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ వేసుకుని ఈ దశలోనే వాడాలి. వాట్సాప్ చాట్‌లనూ అందులోనే ఎంచుకోవచ్చు.

కేబుల్ ఉంటే కేబులే వాడండి. వైఫై మీద గంటలు పట్టేది కేబుల్‌తో చాలా త్వరగా అయిపోతుంది, మధ్యలో తెగిపోతుందన్న టెన్షన్ కూడా తక్కువ. రెండు ఫోన్లలోనూ చార్జింగ్ నిండుగా ఉంచండి.

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కైతే వాట్సాప్‌ను విడిగా చూసుకోవాలి. పాత ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్, ‘ట్రాన్స్‌ఫర్ చాట్స్’ తెరిచి, కొత్త ఫోన్ చూపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. నంబర్ మాత్రం అదే ఉండాలి. వాట్సాప్ బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మీ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకునే తాళం) పెట్టుకున్నవాళ్లకి ఆ పాస్‌వర్డ్ గుర్తుందా? అది మర్చిపోతే వాట్సాప్‌వాళ్లు కూడా తెరవలేరు.

రెండు ఫోన్లూ చేతిలో ఉండగానే

లాగిన్ అయ్యేటప్పుడు అడిగే కోడ్‌లను చూపించే గూగుల్ అథెంటికేటర్ యాప్ వాడుతుంటే అందులోని ‘ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్’ ద్వారా కోడ్‌లను కొత్త ఫోన్‌లోకి తెచ్చుకోండి. పాత ఫోన్ చెరిపేశాక గుర్తొస్తే సొంత అకౌంట్ల బయటే నిలబడాల్సి వస్తుంది. బ్యాంక్ యాప్‌ల ఐకాన్లు వచ్చినా లాగిన్ రాదు. భద్రత కోసం వాటిని ఫోన్‌కే ముడిపెడతారు కాబట్టి మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సిందే.

ఇప్పుడు సరిచూడటం. గ్యాలరీలో అన్నిటికంటే పాత వీడియో ఒకటి ప్లే చేసి చూడండి. చిన్న బొమ్మ కనిపించినంత మాత్రాన ఫైల్ వచ్చినట్టు కాదు, అసలు ఫైల్ క్లౌడ్‌లోనే ఉండి ఉండొచ్చు. ఇంటర్నెట్ ఆపేసి చూస్తే సంగతి తేలిపోతుంది. కాంటాక్ట్‌లలో నాలుగైదు పేర్లు వెతకండి. సిమ్‌లో సేవ్ చేసినవే ఎక్కువగా తప్పిపోతాయి. వాయిస్ రికార్డింగ్‌లు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా చూడండి. ఏదైనా రాకపోతే పాత ఫోన్ నుంచి కేబుల్‌తో కంప్యూటర్‌లోకి లాగేయండి.

ఒకట్రెండు వారాలు పాత ఫోన్‌ని అలాగే ఉంచాలన్నది నా సలహా. ఏ యాప్‌లో ఏం రాలేదో వాడుతుంటేనే తెలుస్తుంది. అంతా సరిపోయిందనుకున్నాక ఐఫోన్‌లో ‘ఫైండ్ మై’ ఆఫ్ చేసి, ఆండ్రాయిడ్‌లో గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాతే రీసెట్ కొట్టండి. లేకపోతే లాక్ పడి, ఆ ఫోన్ తీసుకున్నవాళ్లు ఇబ్బంది పడతారు. ఈ-సిమ్‌ను (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌ను) చెరపాలా అని అడిగితే, నంబర్ కొత్త ఫోన్‌లో పనిచేస్తోందని చూసుకున్నాకే సరే అనండి. ఇచ్చేసే ముందు సిమ్ ట్రే లాగి, మెమరీ కార్డు అందులోనే ఉండిపోయిందేమో చూడండి.