ఇంటి కంప్యూటర్లో పాటల భాండారం – నాలుగో పాఠం: ముక్కలైన ఆల్బం

గత పాఠంలో ఫైలు పేరు నుంచి ట్యాగులు, అంటే పాట ఫైలు లోపలే ఉండే పాట పేరు, గాయకుల పేరు, ఆల్బం పేరు లాంటి వివరాలు, నింపడం నేర్చుకున్నాం. చేసి చూసినవారిలో చాలామందికి ఒకే కష్టం ఎదురైంది. పాటల పేర్లు వచ్చాయి, గాయకుల పేర్లు వచ్చాయి, కానీ ప్లేయరు తెరిస్తే ఒక్క సినిమా నాలుగైదు ఆల్బంలుగా కనిపించింది. ఈసారి ఫోల్డర్ల అమరిక చెబుతానన్నాను, అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఫోల్డర్లను ట్యాగుల ఆధారంగానే కట్టబోతున్నాం కాబట్టి ముందు ఈ చీలిక సరికావాలి.

'మాయాబజార్' పాటలు తీసుకుందాం. 1957 నాటి సినిమా. 'లాహిరి లాహిరి' ఘంటసాల, పి. లీల పాడారు. 'వివాహ భోజనంబు' మాధవపెద్ది సత్యం పాడారు. పి. సుశీల పాడినవీ ఉన్నాయి. ఆర్టిస్ట్ గడిలో ఈ పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే చాలా ప్లేయర్లు ఆల్బం పేరుతో పాటు ఆల్బం ఆర్టిస్ట్ గడిని కూడా చూస్తాయి. అది ఖాళీగా ఉంటే పాట పాడినవారినే ఆల్బం సొంతదారుగా లెక్కవేస్తాయి. గాయకుడు మారిన ప్రతిచోటా కొత్త ఆల్బం పుడుతుంది. పాప్ గాయకులు ఒక్కరే పాడుకునే ఆల్బంలకు ఈ బాధ లేదు. మన సినిమా పాటలకు తప్పదు.

మందు ఇది. మనం ట్యాగులు దిద్దే ప్రోగ్రాం ఎంపీత్రీట్యాగ్‌లో ఆ సినిమా పాటలన్నీ ఒకేసారి ఎంచుకుని, ఆల్బం ఆర్టిస్ట్ గడిలో ఒక్క పేరు రాసి, కంట్రోల్ ఎస్ నొక్కండి. అంతే.

ఏ పేరు రాయాలి? నేను సంగీత దర్శకుడి పేరు రాస్తాను. 'పలువురు గాయకులు' అని రాసేవారున్నారు. అలా రాస్తే మీ దగ్గరున్న సినిమాలన్నీ ఒకే పేరు కింద కుప్పపడతాయి, వెతకడానికి ఆ గడి పనికిరాకుండా పోతుంది. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, కె.వి. మహదేవన్, చక్రవర్తి, ఇళయరాజా అని పెడితే ఒక్క నొక్కుతో వారి సినిమాలన్నీ వరుసగా వస్తాయి. సినిమా పేర్లలో సంగీత దర్శకుడిగా ఎవరి పేరు పడిందో అదే ఇక్కడ రాయాలి. 'మాయాబజార్'కు ఆ పేరు ఘంటసాలది. కొన్ని పాటలకు బాణీలు కట్టినది రాజేశ్వరరావు కాబట్టి, ఆ పాటల వరకు కంపోజర్ గడిలో ఆయన పేరు వేసుకోండి. రెండు గడులూ వేర్వేరు పనులకు ఉన్నాయి.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన విషయం. చీలిపోయిన ఆల్బంను అతికించడానికి కొందరు ఆర్టిస్ట్ గడిలోనే అన్ని పాటలకూ ఒకే పేరు రాసేశారు. ఆల్బం అతుక్కుంది. పి. లీల మాయమైంది, మాధవపెద్ది మాయమయ్యారు. రేపు మాధవపెద్ది పాటలు విందామని వెతికితే ఒక్కటీ దొరకదు. వేర్వేరు గాయకుల పాటలను ఒకేసారి ఎంచుకున్నప్పుడు ఆ గడిలో కోణపు గుర్తుల మధ్య 'కీప్' అనే మాట కనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టే ఉంచుతాను అని దాని అర్థం. అది కనిపించిన గడిని ముట్టుకోకండి. ఇప్పటికే చెరిపేసినవారు, ప్రోగ్రాం ఇంకా మూయకపోతే కంట్రోల్ జెడ్ నొక్కండి. మూసేసి ఉంటే ఆల్ట్ 2 నొక్కి, ఫైలు పేరు నుంచి ట్యాగులు నింపడానికి గతసారి ఇచ్చిన నమూనానే మళ్లీ నడపండి. గాయకుల పేర్లు ఫైలు పేర్లలో ఇంకా భద్రంగా ఉన్నాయి. పాఠాలు పూర్తయ్యేవరకు ఫైలు పేర్లు మార్చవద్దని మొదటి నుంచీ చెబుతున్నది ఇందుకే.

యుగళగీతానికి ఇద్దరి పేర్ల మధ్య రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టండి. కామా పెడితే ఇద్దరూ కలిసి మూడో మనిషి అవుతారు.

చెన్నైలో ఉన్న మనకు దీనికి తలకిందులైన చిక్కు ఒకటి ఉంది. 'మాయాబజార్' అదే సంవత్సరం తమిళంలోనూ వచ్చింది, సంగీతమూ ఘంటసాలదే. రెండు భాషల పాటలూ ఇంట్లో ఉంటే పేరు, సంవత్సరం, సంగీత దర్శకుడు అన్నీ కలిసిపోయి, మాధవపెద్ది పాట పక్కనే తిరుచ్చి లోగనాథన్ పాడిన 'కల్యాణ సమయల్ సాదం' వచ్చి కూర్చుంటుంది. అందుకని ఆల్బం గడిలోనే 'మాయాబజార్ (1957, తెలుగు)', 'మాయాబజార్ (1957, తమిళం)' అని రాయండి. సంవత్సరం అక్కడ ఎందుకని ఒకరు అడిగారు. తెలుగులో 'దేవదాసు' 1953లో వచ్చింది, 1974లో వచ్చింది, 2006లోనూ వచ్చింది.

ఇవన్నీ చేసినా ఇద్దరు ముగ్గురికి ఆల్బం రెండుగానే మిగిలింది. పెరంబూరు నుంచి ఒక పెద్దాయన అక్షరం అక్షరం పోల్చి చూశానని, తేడా లేదని రాశారు. ఆయన చూసింది నిజమే, కంటికి కనిపించే తేడా లేదు. ఇది తెలుగు లాంటి లిపుల్లో ట్యాగులు రాసేవారికి వచ్చే చిక్కు, దీన్ని గురించి చెప్పేవారు తక్కువ. అందుకే కాస్త విడమరచి చెబుతాను.

'రాజ్‌కుమార్' అని రాయాలంటే 'జ' కింద 'క' వత్తుగా చేరకుండా ఆపాలి. ఆ పని చేయడానికి, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో కనిపించని గుర్తు ఒకటుంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, సంఖ్య 200సి. పదం మధ్యలో అది అవసరం. కానీ కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లుతో ముగిసే ప్రతి పదం చివరా దాన్ని చేరుస్తాయి. వెబ్ పేజీ నుంచి పేరు కాపీ చేసినా అది తోకలా వెంట వస్తుంది. మీరు టైపు చేసిన 'మాయాబజార్'కు తోక లేదు, కాపీ చేసినదానికి ఉంది. కంప్యూటర్‌కు అవి రెండు వేరు పదాలు, కాబట్టి రెండు ఆల్బంలు.

కనిపెట్టడం ఇలా. కర్సరును 'ర్' తరువాత, బ్రాకెట్టుకు ముందు ఉంచి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. పొల్లు పోయి 'మాయాబజార' అయితే తోక లేదు. తెరమీద ఏమీ మారకపోతే, మీరు చెరిపింది ఆ తోకనే. 'ఇళయరాజా' లాంటి అచ్చుతో ముగిసే పేర్లకు ఈ పరీక్ష అక్కర్లేదు. 'మహదేవన్', 'చంద్రశేఖర్', 'రెహమాన్' లాంటివాటికి తప్పనిసరి. భాండారం మొత్తంలో ఆ గుర్తును ఒక్క దెబ్బతో తీసేసే దారి ఉంది గానీ, దాన్ని నేను నేర్పను. అలా చేస్తే 'రాజ్‌కుమార్' కాస్తా 'రాజ్కుమార్' అవుతుంది. నేనైతే ఆల్బం పాటలన్నీ ఎంచుకుని, పేరును కాపీ చేయకుండా ఒక్కసారి చేత్తో టైపు చేస్తాను. పాటలన్నింటికీ ఒకే కీబోర్డుతో రాసిన ఒకే పేరు వెళుతుంది, తోక ఉన్నా అందరికీ ఉంటుంది.

కారులో తెలుగు పేర్లు కనిపించడం లేదన్నవారికి రెండు మాటలు. ఖాళీ పెట్టెలు కనిపిస్తే కారులో తెలుగు ఫాంటు లేదు, మీ ట్యాగులకు ఏమీ కాలేదు. ప్రశ్నార్థకాలు కనిపిస్తే అది పాతకాలపు మొదటి తరం ట్యాగును చదువుతోంది. 1996 నాటి ఆ ట్యాగు ఫైలు చివరి 128 బైట్లలో ఉంటుంది, పాట పేరుకు 30 బైట్లే, తెలుగుకు చోటు లేదు. ఎంపీత్రీట్యాగ్ ఆప్షన్లలోకి వెళ్లి దాన్ని రాయడం ఆపేసి, తెలుగుకు చోటున్న రెండో తరం ట్యాగు, ఐడీత్రీ 2.3, యూటీఎఫ్-16 అన్నది ఎంచుకోండి.

అభ్యాసం. ఈసారి శ్రమ ఎక్కువ, ఒక ఆదివారం పట్టవచ్చు. ఆర్టిస్ట్ శీర్షిక మీద నొక్కితే పేర్లు అక్షర క్రమంలో వస్తాయి. బాలసుబ్రహ్మణ్యం గారి పేరు మీ డిస్కులో ఎన్ని రకాలుగా ఉందో కాగితం మీద రాయండి: ఎస్.పి., ఎస్పీ, చుక్క తరువాత ఖాళీ ఉన్నది, లేనిది, 'బాలు' అని మాత్రమే ఉన్నది, ఇంగ్లీషులో ఉన్నవి. ఒక రూపం ఎంచుకుని అన్నింటినీ దానికి మార్చండి. యుగళగీతాల్లో రెండో గాయని పేరు పోకుండా వాటిని ఒక్కొక్కటిగా చేయండి. తరువాత జానకి, సుశీల, ఘంటసాల. మార్గళి మాసపు కర్ణాటక సంగీత కచేరీల రికార్డింగులను మాత్రం ఇప్పుడే కదపకండి. ఫోల్డర్ల సంగతి అయ్యాక, రాగానికి, తాళానికి విడిగా గడులు చేసుకుని వాటి పని పడదాం.