అరకు ఫోటోల ముందు డార్క్‌టేబుల్ కంపైల్ చేస్తున్నారా? ఇవి చూసుకోండి

అరకులో వలిసె పూలు పూసే రోజులు, ఫోటోలు ఎడిట్ చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్ కొత్త వెర్షన్ వచ్చే డిసెంబర్ దాదాపు ఒకేసారి వస్తాయి. వైజాగ్‌లో బండెక్కే ముందే, లినక్స్‌లో దాన్ని సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకునే (కంపైల్) ఈ పని ముగించుకుంటే మంచిది.

• అన్నిటికన్నా ముందు హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ (.config) కింద ఉన్న డార్క్‌టేబుల్ ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పెట్టుకోండి. కొత్త వెర్షన్ ఒకసారి తెరిస్తే డేటాబేస్ మారిపోతుంది, ఆ తర్వాత పాత వెర్షన్ దాన్ని తెరవదు. నేను ఒకసారి "ఊరికే చూద్దాం" అని తెరిచి, రెండేళ్ల రేటింగ్‌లు, ట్యాగ్‌ల గురించి రాత్రంతా టెన్షన్ పడ్డాను. ఊరికే చూడాలనుకుంటే కాన్ఫిగ్‌డిర్ (--configdir) ఆప్షన్‌తో వేరే ఖాళీ ఫోల్డర్ ఇచ్చి నడపండి.

• లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టులు డార్క్‌టేబుల్‌లో కావాలంటే లువా 5.4 డెవలప్‌మెంట్ ప్యాకేజీ ముందే వేయండి. మామూలు లువా ఒక్కటే ఉంటే సరిపోదు. అది దొరక్కపోయినా బిల్డ్ ఆగకపోవచ్చు, లువా లేకుండానే చక్కగా పూర్తవుతుంది. అదే అసలు మోసం! బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్ అనే టూల్ చివర్లో చూపించే జాబితా చదవండి. అయ్యాక వెర్షన్ కమాండ్ (darktable --version) కొట్టి లువా ఎదురుగా ఏముందో చూడండి.

• సోర్స్ కోడ్‌ను జిప్ కాదు, గిట్ అనే టూల్‌తోనే తెచ్చుకోండి, సబ్‌మాడ్యూల్స్ (లోపల వాడే వేరే ప్రాజెక్టుల కోడ్)తో సహా. కెమెరా ఇచ్చే రా (RAW) ఫైళ్లు చదివే రాస్పీడ్ అనే కోడ్ అందులోనే వస్తుంది.

• ర్యామ్ తక్కువైతే జాబ్స్ (ఒకేసారి నడిచే కంపైల్ పనులు) తగ్గించండి.

• మీ లినక్స్ డిస్ట్రో ఇచ్చిన పాత కాపీ మీద వేయకుండా ఆప్ట్ (/opt) ఫోల్డర్‌లో పెట్టండి. నచ్చకపోతే తీసేయడం తేలిక.