పాత కారు కరెంటు పాఠాలు – 3: తిరిగొచ్చే తొవ్వ

గత పాఠంలో బ్యాటరీ టెర్మినళ్ల చిలుము గీకేసి, రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య వస్తున్నాయో లేదో చూసుకున్నాం. అవన్నీ సరిగ్గానే ఉన్నా మీ హెడ్‌లైట్ ఒకరోజు బాగా వెలిగి ఇంకోరోజు గుడ్డిదీపంలా అవుతోందంటే, ఈ పాఠం మీ కోసమే.

మా బండి 2003 మోడల్. నిరుడు వానాకాలంలో రాత్రి పరకాల నుంచి హనుమకొండ వస్తుంటే ఎడమ లైట్ సగానికి పడిపోయింది. ఎడమ ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ కూడా దాంతో పాటే టిక్కు టిక్కుమని వణికేది, చక్రం గుంతలో పడగానే ఏమీ జరగనట్టు మళ్లీ పూర్తిగా వెలిగేది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ బుద్ధిగా వెలిగింది. రెండుసార్లు బల్బు మార్చాం, ఒకసారి స్టీరింగ్ కింద ఉండే స్విచ్ మొత్తం మార్చాం, వేల రూపాయలు పోయాయి కానీ రోగం పోలేదు. చివరికి ములుగు రోడ్డు వైపు ఒక పెద్దమనిషి, నలభై ఏళ్లుగా లారీల వైరింగ్ చేస్తున్నాయన, బానెట్ ఎత్తి చూస్తూ ఒక్క మాట అన్నాడు: "తమ్మీ, కరెంటు పోయే తొవ్వే చూస్తున్నవ్, తిరిగొచ్చే తొవ్వ చూడవా?"

ఆయన చెప్పింది ఎర్త్ గురించి. ప్లస్ వైపు ఫ్యూజు, స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే డబ్బీ), రంగురంగుల వైర్లు ఉంటాయి కాబట్టి మన కళ్లు అటే పోతాయి. మైనస్ వైపు ఉండేది జానెడు నల్ల వైరు, దాని చివర ఒక రింగు, ఆ రింగును బాడీ రేకుకు బిగించిన ఒక బోల్టు, అంతే. అక్కణ్నుంచి కారు బాడీయే వైరులా పనిచేసి కరెంటును బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. ఇరవై ఏళ్ల వానకు, దుమ్ముకు ముందుగా పాడయ్యేది ఆ బోల్టు కిందే. ఒకే బోల్టు దగ్గర లైటు, ఇండికేటర్ రెండూ కలిస్తే, తొవ్వ ఇరుకైనప్పుడు ఒకదాని కరెంటు ఇంకోదాన్ని వెనక్కి నెడుతుంది. వణుకు అందుకే.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది, నేనూ అదే చేశాను. మల్టీమీటర్‌ను బీప్ మీద, అంటే కరెంటుకు దారి ఉంటే కూత పెట్టే సెట్టింగు మీద పెట్టి, నల్ల వైరుకూ బాడీకీ ముట్టిస్తే బీప్ అంటుంది, ఎర్త్ బాగుందని వదిలేస్తాం. బీప్‌కు మీటర్ పంపేది చాలా చిన్న కరెంటు, వైరులో ఒక్క పోగు మిగిలున్నా అది దాటిపోతుంది. కానీ 55 వాట్ల బల్బుకు నాలుగున్నర ఆంపియర్లు కావాలి. పైపులో మట్టి పేరుకున్న నల్లా లాంటిదిది, కట్టేసి ఉన్నప్పుడు ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పితే గానీ ధార సన్నగా వస్తుందని తెలియదు. అందుకే లైటు వెలుగుతుండగానే కొలవాలి.

మూడు వందల రూపాయల పసుపు మీటర్ చాలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టండి, ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో లేదని రెండుసార్లు చూసుకోండి, ఎందుకంటే అలా ఉంచి బ్యాటరీ ప్లస్‌ను ముట్టిస్తే నేరుగా షార్ట్ అవుతుంది. హెడ్‌లైట్ వేయండి. మీటర్ నల్ల మొనను బ్యాటరీ మైనస్ సీసపు ముద్ద మీదే పెట్టండి, దాన్ని పట్టుకుని బిగించే క్లాంప్ మీద కాదు. ఎర్ర మొనను బల్బుకు వైర్లు తగిలించే ప్లగ్గు, అంటే కప్లర్ వెనక నుంచి నల్ల వైరు పిన్నుకు తాకించండి. 0.1 లోపు వస్తే బంగారం, 0.2 దాటితే అనుమానించాలి. మాకు 1.4 వచ్చింది. అంటే బల్బుకు అందాల్సిన 12.4 వోల్టుల్లో 11 మాత్రమే అందుతున్నాయి. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ హాలోజెన్ బల్బులో వోల్టేజీ కాస్త తగ్గినా వెలుగు చాలా తగ్గుతుంది, ఈ లెక్కన దాదాపు మూడో వంతు పోయినట్టే.

ఇప్పుడు నల్ల మొన కదపకుండా ఎర్ర మొనతో ఒక్కో అడుగు బ్యాటరీ వైపు నడవండి: కప్లర్ పిన్ను, వైరు చివరి రింగు, బోల్టు తల, పక్కనే గీకిన బాడీ రేకు. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, దానికీ ముందు ముట్టించిన చోటికీ మధ్యే దొంగ ఉన్నాడు. మాకు రింగు మీద 1.4 ఉంది, రేకు మీద 0.06. బోల్టు విప్పి చూస్తే రింగు కింద నీలం పెయింటు మందంగా ఉంది! అంతకు ముందెప్పుడో డెంటింగ్, పెయింటింగ్ చేయించినప్పుడు రేకు మీద రంగు కొట్టి, దాని మీదే రింగు బిగించేశారు. అప్పటి నుంచి కరెంటు బోల్టు మరల గుండా మాత్రమే తిరిగొస్తోంది, కాలం గడిచి అక్కడా తుప్పు పట్టింది.

కొలిచేటప్పుడు అంతా బాగానే కనిపిస్తే నిరాశ పడొద్దు. ఒకరిని మీటర్ చూస్తూ ఉండమని, మీరు ఆ వైరును వేలితో మెల్లగా కదపండి, కప్లర్‌ను అటూ ఇటూ వంచండి, వానలోనే వచ్చే రోగమైతే స్ప్రే సీసాతో కాసిన్ని నీళ్లు చల్లండి. అంకె ఎగిరిందా, దొరికినట్టే. ఒక వైరు తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా బల్బు నల్ల పిన్నుకు ముట్టించినా తెలుస్తుంది, లైటు భగ్గుమంటే తప్పు ఎర్త్‌దే. ఇది మైనస్ వైపు మాత్రమే చేయండి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి కావచ్చు, వాటి జోలికి అసలు పోవద్దు.

బాగు చేయడం చిన్న పని. బ్యాటరీ మైనస్ తీసేసి, సాండ్ పేపర్‌తో రింగునూ దాని కింద రేకునూ మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించి, ఆ తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ పూయండి. టేపు చుట్టి వదిలేస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇక్కడికే వస్తారు.

వచ్చే పాఠానికి ముందు మూడు చోట్ల కొలిచి నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి: ఎడమ హెడ్‌లైట్, వెనక బ్రేక్ లైటు, ఇంజిన్ నుంచి బాడీకి పోయే మందపాటి ఎర్త్ పట్టీ. మూడోది సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ రేకుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడాలి, 0.5 దాటితే పట్టీ రెండు చివరలూ విప్పి శుభ్రం చేయండి. తేదీ, ఆ రోజు వానా ఎండా అన్నది కూడా రాయండి, ఎండకు వేడెక్కితేనే మొరాయించే రిలేల పాఠంలో ఆ నోట్‌బుక్ కావాలి.