శుక్లం ఆపరేషన్‌కి ముందు, తర్వాత: ఇంట్లో వాళ్లు చూస్కోవాల్సినవి

సంక్రాంతి అయ్యాక ఎండలు ముదిరేలోపు చాలా ఇళ్లల్లో అమ్మమ్మకో నాన్నగారికో కంటి ఆపరేషన్ పెట్టుకుంటారు, ఎండాకాలంలో చేయిస్తే చీము పడుతుందని భయం. ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు అండి, కోత రెండు మూడు మిల్లీమీటర్లే, కుట్లు కూడా ఉండవు, ఏ నెలలోనైనా చేయించొచ్చు. కాలం కంటే షుగర్ ఎంతుంది, దగ్గు ఉందా, ఇంట్లో చుక్కలు వేసేవాళ్లు ఎవరు, ఇవి ముఖ్యం.

శుక్లాన్ని (క్యాటరాక్ట్‌ని) పొర అంటాం గానీ కంటి పైన ఏదీ పెరగదు. కంటిపాప వెనకాల ఉండే లెన్సే మసకబారుతుంది, గుడ్డులో తెల్లసొన ఉడికితే ఎలా తెల్లగా అయిపోతుందో అలా అందులోని ప్రొటీన్లు గడ్డకడతాయి. అందుకే చుక్కల మందుతో కరుగుతుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు, ఆ లెన్స్ తీసి కొత్తది పెట్టడమే దారి. ఇంకో మాట, ఎప్పుడూ కళ్లద్దాలతో పేపర్ చదివే పెద్దాయన ఉన్నట్టుండి అద్దాలు లేకుండా చదివేస్తున్నారంటే చూపు తిరిగొచ్చిందని సంతోషిస్తాం, చాలాసార్లు అది శుక్లం మొదలైన గుర్తు, దూరం చూపు తగ్గుతూ ఉంటుంది, ఒకసారి చూపించండి.

ముదిరాక చేయిద్దాంలే అనే మాట పాతకాలం ఆపరేషన్ నాటిది. ఇప్పుడు ముదిరేకొద్దీ లెన్స్ రాయిలా అవుతుంది, దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాలి, నల్లగుడ్డు మీదుండే కార్నియా దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది, మరీ వదిలేస్తే లోపల ప్రెజర్ పెరిగి నొప్పితో పాటు చూపే పోవచ్చు. రోజువారీ పనికి అడ్డొస్తోందా, రాత్రి ఎదురు బండ్ల లైట్లకి కళ్లు చెదురుతున్నాయా, మెట్లు దిగడానికి తడబడుతున్నారా, అలా ఉంటే ఇక ఆగొద్దు.

ఇప్పుడు శుక్లం ఆపరేషన్ లేజర్‌తో చేయించాలా అనే సంగతి. మామూలుగా అందరికీ చేసే ఫేకో ఆపరేషన్‌లో లేజర్ ఉండదు, అల్ట్రాసౌండ్‌తో లెన్స్‌ని ముక్కలు చేసి పీల్చేస్తారు, 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. లేజర్ ఆపరేషన్ అని చెప్పేది ఫెమ్టో లేజర్‌ని, అందులో కోత పెట్టడం, లెన్స్‌ని చుట్టి ఉండే సంచి మీద గుండ్రంగా కత్తిరించడం, లెన్స్‌ని ముక్కలుగా చీల్చడం, ఈ మొదటి పనులు మెషీన్ చేస్తుంది, తర్వాత ఆ ముక్కల్ని బయటికి తీయాలంటే మళ్లీ ఫేకో కావాల్సిందే. ఫ్రాన్స్‌లో ఐదు యూనివర్సిటీ హాస్పిటళ్లలో రెండింటినీ పోల్చి 2020లో ఫలితాలు ఇచ్చారు, లేజర్ వల్ల చూపులో గానీ రిస్క్‌లో గానీ అదనంగా కలిసొచ్చింది లేదని తేలింది. అది చెడ్డదని కాదు, అప్పు చేసి మరీ లేజర్ చేయించక్కర్లేదు అంటున్నాను. ఇన్సూరెన్స్ ఉంటే శుక్లానికి లిమిట్ ఎంత, రెండేళ్ల వెయిటింగ్ ఉందా, లేజర్ ఖర్చు ఇస్తారా, ముందే రాతపూర్వకంగా అడగండి. డబ్బు లేదని అసలు ఆగొద్దు, ప్రభుత్వాసుపత్రుల్లోనూ, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్, గుంటూరు దగ్గర పెదకాకాని శంకర లాంటి చోట్లా లేనివాళ్లకి ఉచితంగా చేస్తారు.

ఆపరేషన్‌కి వెళ్లేముందు వాడుతున్న మందులన్నీ ఒక కవర్‌లో వేసుకుని తీసుకెళ్లండి. ముఖ్యంగా మగవాళ్లు ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్, ఎప్పుడో వాడి ఆపేసినా సరే చెప్పాలి, దాని వల్ల కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర ఆపరేషన్ మధ్యలో వదులై జారుతుంది, కంటిపాప చిన్నదైపోతుంది, ముందే తెలిస్తే డాక్టర్ దానికి తగ్గట్టు సిద్ధమవుతారు. రక్తం పలచబడే గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు, గుండె డాక్టర్‌నీ కంటి డాక్టర్‌నీ ఇద్దర్నీ అడిగాకే. షుగర్ ఉన్నవాళ్లకి రెటీనా, అంటే కంటి లోపల వెనకాల బొమ్మ పడే చోటు, చూశారా లేదా కనుక్కోండి, వెనక రెటీనా దెబ్బతిని ఉంటే ముందు లెన్స్ ఎంత ఖరీదైనది పెట్టినా చూపు పూర్తిగా రాదు, ఆ మాట తర్వాత తెలిస్తే ఇంట్లో అందరికీ బాధ. కంట్లో పుసి, ముక్కు పక్కన నొక్కితే చీము, పంటి చీము, జలుబు దగ్గు ఏదున్నా దాచకుండా చెప్పండి, వాయిదా పడితే పడనీండి. చాలామందికి చుక్కల మత్తుతోనే చేస్తారు, మెలకువగానే ఉంటారు, కాబట్టి చెవులు వినపడనివాళ్లు, తల వణికేవాళ్లు, వెల్లకిలా పడుకోలేనివాళ్లు అయితే అది ముందే తప్పకుండా చెప్పాలి. ముందురోజు తలస్నానం చేయించండి, కాటుక వద్దు. పొద్దున తినాలా వద్దా హాస్పిటల్ చెప్పినట్టే చేయండి, షుగర్ వాళ్లని అనవసరంగా పస్తుంచొద్దు.

ఇక ఇంటికొచ్చాక మొదటి వారం చాలా జాగ్రత్త. చుక్కలు వేసేవాళ్లు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, సీసా కొన కంటికీ రెప్పకీ తగలకూడదు, రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, బాగా కనిపిస్తోంది కదా అని మధ్యలో ఆపేయొద్దు. కంట్లోకి నీళ్లు పోకూడదు, తలస్నానం ఎప్పుడో డాక్టర్ని అడగండి, రాత్రి కంటి మీద రక్షణ కప్పు పెట్టుకునే పడుకోవాలి. పొలం దుమ్ము, పశువుల కొట్టం, కట్టెల పొయ్యి పొగ, బిందెలెత్తడం కొన్నాళ్లు వద్దు, మన పెద్దవాళ్లు ఖాళీగా కూర్చోరు కాబట్టి ఆ పనులకి ముందే వేరే మనిషిని చూస్కోండి. పప్పు తినకూడదు, వంకాయ తినకూడదు, చీము పడుతుంది అనే పత్యాలు ఏవీ అక్కర్లేదు, అన్నీ తినొచ్చు. తేనె, తల్లిపాలు, ఆముదం మాత్రం కంట్లో వేయనివ్వకండి, ఎవరు చెప్పినా సరే.

కొంచెం ఇసుక పడ్డట్టు ఉండటం మామూలే. కానీ నొప్పి పెరుగుతున్నా, ఎరుపెక్కుతున్నా, నిన్న కనిపించింది ఈరోజు మసకైనా తెల్లారేదాకా ఆగకండి, లోపల ఇన్ఫెక్షన్ అయితే గంటలు కూడా లెక్కే, అర్ధరాత్రయినా ఫోన్ చేసి బయల్దేరండి.

నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో మళ్లీ మసక వస్తే శుక్లం తిరిగొచ్చిందని కంగారు పడొద్దు, కొత్త లెన్స్ వెనకున్న సంచి మసకబారుతుంది, దానికి మాత్రం నిజంగానే యాగ్ అనే లేజర్ ఉంది, ఐదు నిమిషాల పని, కోత లేదు. లోపల పెట్టిన లెన్స్ పవర్, కంపెనీ ఉన్న స్టిక్కర్ కార్డు ఇస్తారు, అది ఆధార్ కార్డుతో పాటు దాచిపెట్టండి, రెండో కంటికి చేసేటప్పుడు డాక్టర్ అడుగుతారు.