ముళ్ల తీగతో బొమ్మ కట్టే ముందు: తుపాను నెలలు రాకముందే చూసుకోవాల్సినవి

ముళ్ల తీగ కొత్తగా పట్టుకున్నవాళ్లు ముల్లుకే భయపడతారు. ముల్లు గీరితే చర్మం చీరుకుంటుంది, కడిగి కట్టు కడితే మానుతుంది. చుట్టలోంచి తెగిన తీగ కొరడాలా ఎగిరి మొహానికి తగిలితే కన్ను పోతుంది. కంచె వేసే కూలీకి ఈ తీగ రోజులో కొన్ని గంటల పని. శిల్పం కట్టేవాళ్లకు నెలల తరబడి చేతుల్లో, మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. దీన్నే వృత్తిగా పెట్టుకోవాలనుకుంటే ముల్లు కన్నా తీగలోని బిగువుకు ఎక్కువ భయపడడం ముందు నేర్చుకోవాలి.

ఇంకోటి మన ఉత్తరాంధ్ర తీరం సంగతి. 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర దాటింది. కాబట్టి 'అక్టోబరు దాకా టైముంది' అన్న లెక్క పనికిరాదు. దసరాకో, విజయనగరం సిరిమాను పండక్కో బొమ్మ నిలబెట్టాలని ఎవరైనా అడిగితే, ఆగస్టు నెలాఖరుకల్లా పునాది పోసి ఉండాలి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది.

తీగ ఎంపిక

ఇనుప కొట్లో ఎక్కువగా 12 గేజి, 14 గేజి దొరుకుతాయి. 12 గేజి పోగు మందం సుమారు 2.6 మి.మీ., 14 గేజిది 2 మి.మీ. రెండు పోగులు మెలేసి, 3 నుంచి 6 అంగుళాలకో ముల్లు చుట్టి ఉంటుంది. 12 గేజి కేజీకి 9, 10 మీటర్లు వస్తుంది. 14 గేజి 15 మీటర్ల దాకా వస్తుంది. ఆరడుగుల కొంగ బొమ్మకు అస్థిపంజరంగా 10 మి.మీ. ఇనుప చువ్వ 12 నుంచి 15 మీటర్లు, అంటే 8, 9 కేజీలు పడుతుంది. దాని మీదకు పాతిక ముప్పై కేజీల ముళ్ల తీగ ఎక్కుతుంది. మొదటి బొమ్మకు 14 గేజి తీసుకోండి, వేళ్లకు లొంగుతుంది.

కొనే ముందు అడుగు ముక్క అడిగి మధ్యలో వంచి చూడండి. వంచిన చోట నిలబడితే మెత్తటి ఇనుము. సగం వెనక్కి లేస్తే అది హై టెన్సైల్ తీగ. కంచెకు అది మంచిదే. శిల్పానికి మాత్రం ప్రతి మలుపులోనూ మీ మీద తిరగబడుతుంది. బ్లేడు తీగ, అంటే జైలు గోడల మీద కనిపించే రేజర్ వైరు, అసలు ముట్టుకోవద్దు. తోలు గ్లోవును కూడా కోసేస్తుంది.

జీడి తోటల నుంచి తీసిన పాత తీగ తుక్కు కొట్లో చవగ్గా దొరుకుతుంది, తుప్పు రంగు కూడా అందంగా ఉంటుంది. కానీ తుప్పు తిన్న తీగ వంగకుండా పుటుక్కున విరుగుతుంది, ముక్క ఎటు పోతుందో చెప్పలేం. పైగా ఏళ్ల తరబడి మట్టిలో, పశువుల పేడలో పడి ఉన్న తీగ అది. ధనుర్వాతం సూక్ష్మజీవి తుప్పులో పుట్టదు, మట్టిలోనూ పేడలోనూ ఉంటుంది. తుప్పు ముల్లు దాన్ని లోతుకు దించుతుంది. పాత తీగను బక్కెట్లో సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్ది, ఎండబెట్టి, అప్పుడు షెడ్డులోకి తేవాలి.

కొత్త చుట్టల్ని వానాకాలంలో తడి నేల మీద ఒకదాని మీదొకటి పేరిస్తే జింకు పూత మీద తెల్లటి పొడి పడుతుంది. గాలాడక నీరు నిలిచిన చోట పూత కరిగిపోతున్నట్టు గుర్తు. ఇటుకల మీద చెక్క పరిచి, చుట్టకీ చుట్టకీ మధ్య బెత్తెడు సందు వదిలి పెట్టండి.

ఒంటి మీద ఏముండాలి

మోచేతి దాకా వచ్చే తోలు గ్లోవులు, అరచేతి దగ్గర రెండు పొరలున్నవి. అల్లిన 'కట్ రెసిస్టెంట్' గ్లోవులు కోతను ఆపుతాయి, ముల్లు మాత్రం అల్లికలోంచి దూరిపోతుంది. పక్కలు కూడా మూసుకునే కళ్లద్దాలు, తీగ కోసేటప్పుడు వాటి మీద ఫేస్ షీల్డు. తోలు ఏప్రాన్, డెనిమ్ చొక్కా, తోలు బూట్లు. లుంగీ, మెడలో తుండు, చున్నీ, వేలాడే పైట వద్దు. ఉంగరం తప్పకుండా తీసేయండి. ముల్లు ఉంగరంలో తగులుకుని తీగ వెనక్కి లాగితే వేలి చర్మమంతా ఊడివస్తుంది. కడియం, గాజులు, చేతికి కట్టుకున్న తాయెత్తు దారం కూడా అంతే.

ధనుర్వాతం రాకుండా వేసే టీడీ టీకా పని మొదలుపెట్టకముందే వేయించుకోండి. పీహెచ్‌సీలో దొరుకుతుంది. చిన్నప్పటి టీకాలన్నీ పడి ఉంటే పదేళ్లకో బూస్టరు. లోతైన, మురికి గాయం అయినప్పుడు ఆఖరి డోసు వేసుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి. వేసుకున్న తేదీ షెడ్డు గోడ మీద రాసుకోండి. రక్తం కారుతున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు.

చుట్ట విప్పడం, తీగ కోయడం

ఎక్కువ గాయాలు ఇక్కడే అవుతాయి. ఫ్యాక్టరీలో బిగించి చుట్టిన తీగ మళ్లీ చుట్టలాగే ముడుచుకోవాలని చూస్తుంది. కట్టు వైరు తెంచగానే పై నాలుగైదు చుట్లు ఒక్కసారి విచ్చుకుంటాయి. చుట్ట మధ్య రంధ్రంలో అంగుళం పైపు దూర్చి, రెండు స్టాండ్ల మీద ఆనించి తిరిగేలా పెట్టండి. ఒకరు చుట్ట దగ్గర, ఒకరు తీగ కొస దగ్గర ఉండాలి. కొస పట్టినవాళ్లు వెనక్కి నడుస్తూ మూడు మీటర్లు మించి లాగకూడదు.

కోసే ముందు, కోత పడే చోటికి అటూ ఇటూ జానెడు దూరంలో బరువైన చెక్క దిమ్మలు పెట్టి తీగను నేలకు అదమాలి. ఒక వైపే అదిమితే రెండో వైపు లేస్తుంది. పన్నెండు అంగుళాల బోల్ట్ కట్టరుతో కోయండి. మామూలు కటింగ్ ప్లేయరుతో 12 గేజి కోయాలంటే మణికట్టు మొత్తం బలం పెట్టాలి, ఆ ఊపులో చెయ్యి ముల్లు మీదకు జారుతుంది. కట్టరు పట్టినవాళ్లు తీగ వరసలో నిలబడకూడదు, పక్కన ఉండాలి. కోయగానే రెండు కొసల్నీ వెనక్కి మడవండి. మీటరు, మీటరున్నర ముక్కలుగా చేసుకుంటే చుట్టడానికి వీలు. అంతకన్నా పొడవైతే మీరు ఈ కొస తిప్పుతుంటే ఆ కొస వెనక ఉన్నవాళ్ల మొహానికి తగులుతుంది.

గ్రైండరుతో వదులు తీగ కోయడం చాలామంది చేసే తప్పు. నాలుగంగుళాల గ్రైండరు డిస్కు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. ముల్లు డిస్కుకు తగులుకుందంటే తీగ మొత్తం డిస్కు తిరిగే ఇరుసుకు (స్పిండిలుకు) చుట్టుకుని చేతి మీదకు వస్తుంది. వైరు బ్రష్షు బిగించినప్పుడు ఇంకా ప్రమాదం. గ్రైండరు అస్థిపంజరం చువ్వలకే, గార్డు తియ్యకుండా. డిస్కు మీద గడువు తేదీ అచ్చేసి ఉంటుంది, అది దాటితే పారేయండి.

వెల్డింగ్ ముందు, ముళ్ల తీగ తర్వాత

ముళ్ల తీగ మీద జింకు పూత ఉంటుంది. జింకు 419 డిగ్రీల దగ్గర కరిగి, 907 దగ్గర ఆవిరవుతుంది. ఇనుము కరగడానికి 1,500 దాకా కావాలి. అంటే ఇనుము అతుక్కునేలోపే జింకు తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చినవాళ్లకు నోట్లో లోహపు తీపి, గొంతు ఎండడం, కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. మలేరియా అనుకుని మందులు మింగేస్తారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పాలు తాగితే విరుగుడు అన్న మాట నమ్మొద్దు, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పాలు కడుపులోకి పోతాయి. ఆయాసం గానీ గుండెలో పట్టినట్టు గానీ ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అందుకే మా గట్టి మాట: పూత లేని మామూలు చువ్వతో అస్థిపంజరం మొత్తం ముందే వెల్డింగ్ చేసి, రంగు వేసి, ఆరాక దాని మీద ముళ్ల తీగను చుట్టి 18 గేజి జీఐ (జింకు పూత ఉన్న) బైండింగ్ వైరుతో కట్టండి. మంచి పనితనం ఉన్న బొమ్మలో తీగను తీగే పట్టి ఉంచుతుంది. ఎక్కడో ఒక చోట తప్పనిసరిగా అతకాల్సి వస్తే, అక్కడ మెలి విప్పి రెండు పోగుల్నీ విడదీసి, రెండంగుళాల మేర ఆకురాయితో పూత తీసేయండి. మెలి విప్పకుండా పైపైన రాస్తే పోగుల మధ్య జింకు అలాగే ఉండిపోతుంది. యాసిడ్‌లో ముంచి పూత తీయడం షెడ్డులో చేయాల్సిన పని కాదు. హైడ్రోజన్ లేస్తుంది, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. 2 మి.మీ. పోగుకు సన్నటి 6013 రాడ్డు, 40 నుంచి 60 ఆంపియర్లు, తాకించి తీసేయడమే. ఎక్కువసేపు ఉంచితే పోగు కరిగి రాలిపోతుంది. గాలి మీ వీపు వైపు నుంచి రావాలి, పొగ మీ మొహం మీదుగా పోకూడదు. గుడ్డ కట్టుకుంటే పొగ ఆగదు, కనీసం ఎన్95 మాస్కు కావాలి.

చెమటకు తడిసిన గ్లోవు, తడి నేల, పైగా లోహపు పంజరం లోపల కూర్చుని వెల్డింగ్: మనలాంటి ఉక్కపోత ప్రాంతంలో ఈ మూడూ ఒకేసారి కలుస్తాయి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉందని ధీమా పడకండి. అది మెషిను దాకా వచ్చే కరెంటును కాపలా కాస్తుంది. మామూలు వెల్డింగ్ మెషిన్లలో రాడ్డు పట్టే హోల్డరు వైపు సర్క్యూటు విడిగా ఉంటుంది, అక్కడి షాకు దానికి తెలియదు. రబ్బరు షీటు మీద కూర్చోండి, జత పొడి గ్లోవులు అదనంగా పెట్టుకోండి, చినుకు పడితే ఆపేయండి. కరెంటు పోతే ప్లగ్ తీసేయండి, అర్ధరాత్రి తిరిగి వచ్చినప్పుడు హోల్డరు ఎవరి కాలి కిందుందో తెలియదు. తాటాకు పాక, కొబ్బరి కమ్మలు, ఎండిన జీడాకు ఉన్నచోటికి పది మీటర్ల లోపు నిప్పురవ్వ వద్దు. పని ఆపాక గంటసేపు ఒకరు అక్కడే కాపలా ఉండాలి.

గాయమైతే

సబ్బు, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీ పొడి అద్దొద్దు, మురికిని లోపల మూసేస్తాయి. వేలి లోపలి వైపు, కీలు మడత దగ్గర ముల్లు దిగితే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది. మర్నాటికి వేలంతా వాచి, చాచబోతే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, వేలిని ముడిచే స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) గూట్లో చీము పట్టిందని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలు ముడుచుకునే ఉండిపోవచ్చు. కంట్లో ముక్క దిగితే లాగకండి, రుద్దకండి, కడగకండి. పేపరు కప్పు బోర్లించి కట్టి 108 పిలవండి.

నిలబెట్టడం

ముళ్ల తీగ బొమ్మలో సందులెక్కువ, గాలి పోతుందిలే అనుకుంటారు. తుపానులో ఆ ముళ్లు గడ్డిని, ప్లాస్టిక్ కవర్లను, కమ్మల ముక్కల్ని పట్టేసి బొమ్మను గోడలా మార్చేస్తాయి. గంటకు 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు వంద కేజీల బలంతో తోస్తుంది. ఆరడుగుల కొంగకు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న కాంక్రీటు దిమ్మ పోయండి, అర టన్ను బరువుంటుంది. అందులో నాలుగు 12 మి.మీ. బోల్టులు, పైన 10 మి.మీ. ప్లేటు. దిమ్మ ఇంకా ఆరకుండానే హెచ్చరిక వస్తే బొమ్మను పడుకోబెట్టి, గోనె సంచులు చుట్టి, తాడుతో కాక బెల్టులతో నేలకు కట్టండి. తాడును ముళ్లే కోసేస్తాయి. వ్యానులో ఎక్కించేటప్పుడూ బెల్టు అస్థిపంజరం చువ్వ కిందుగా వెళ్లాలి.

పిల్లలూ పశువులూ తిరిగే చోట మనిషెత్తు లోపు ఉన్న ప్రతి ముల్లునూ లోపలికి తిప్పండి, లేదా నిప్పర్‌తో కొసలు తుంచి ఆకురాయితో రాయండి. బొమ్మను పంచాయతీ, మునిసిపాలిటీ స్థలంలో పెట్టాలంటే లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం లాంటి పక్షుల తావుల దగ్గర వదులు కొసలు గాల్లో వేలాడనీయొద్దు. గబ్బిలాలు, గుడ్లగూబలు చీకట్లో ముళ్ల తీగకు రెక్కలు తగులుకుని చచ్చిపోతాయి. కొంగ బొమ్మకు కొంగే చిక్కుకుంటే ఆ పనికి అర్థం లేదు.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఊళ్లో చేసే ఇత్తడి సామాన్ని ముళ్ల తీగతో కలపాలనుకుంటే, ఆలోచన మంచిదే. కానీ ఉప్పు గాలిలో ఇత్తడి, జింకు నేరుగా తాకితే తాకిన చోట జింకు వేగంగా తినేసుకుపోతుంది. మధ్యలో రబ్బరు వాషరు, బోల్టుకు ప్లాస్టిక్ స్లీవు పెట్టండి. కోసిన ప్రతి కొసకూ పూత ఉండదు కనుక జింకు పెయింటు రెండు పూతలు వేయండి. బారువ, భావనపాడు, చింతపల్లి లాంటి సముద్రపు ఒడ్డున నిలబెట్టిన బొమ్మ మెలిలో ఉప్పు చేరి లోపల్నుంచి తింటుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. తుపాను గాలి తగ్గాక మొదటి ఎండ రోజునే మంచినీళ్ల పైపుతో మెలిమెలికీ తగిలేలా కడగాలని కొన్నవాళ్లకు బిల్లు వెనకే రాసి ఇవ్వండి.